పందిపిల్లతో నవ్వే ముసలమ్మ

తరాస్ నుంచి
కార్నెయోస్ నెల, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు

నా తల్లి మెలిన్నకు, మీ నాన్న జోపురోస్ పట్టలేని సంతోషంతో రాస్తున్నది.

నీ బొమ్మ చేరింది! ముందు ఆ మాట రాసేస్తే గాని నా చెయ్యి నిలవదు. విరగలేదు, బీటలివ్వలేదు. పడవవాడు దీనోన్ బుట్టని భుజాన మోసుకొచ్చి గుమ్మంలో దించి, "ముసలాయనా, నీ కూతురు ఏం పంపిందో గాని గడ్డిలోంచి దారి పొడవునా నన్ను చూసి నవ్వుతూనే ఉంది" అన్నాడు. వాడికి ఉప్పుచేప, రొట్టె పెట్టాను. వాడు తింటుండగానే గడ్డి లాగేశాను.

ముసలమ్మ! లావుపాటి ముసలమ్మ, కాళ్ళు ఎడంగా పెట్టి, పైబట్ట నడుముకు బిగించి, చంకలో పందిపిల్లను ఇరికించుకుని! అమ్మవారికి పందిపిల్లను పట్టుకెళ్ళే ఆడవాళ్ళ బొమ్మలు ఈ చేతులతో ఎన్ని నొక్కానో నాకే తెలియదు. అన్నీ సన్నగా, నిటారుగా, నిద్రలో నడుస్తున్నట్టు ఉంటాయి. ఇలాంటిది చూడలేదు. ఎవరి అచ్చు ఇది అని తిప్పి తిప్పి చూశాను. మన వీధిలో ప్రతి ఇంటి అచ్చూ నా వేళ్ళకు తెలుసు. కళ్ళు మూసుకుని బట్ట మడతలు తడిమితే చాలు, ఎవరిదో చెప్పేస్తాను. ఇది ఎవరిదీ కాదు. అప్పుడు నీ ఉత్తరం విప్పాను. "తొలిబొమ్మ నేనే చేశాను నాన్నా" అని ఉంది.

ఆ ముక్క చదివి వీధిలోకి పరిగెత్తాను. చెప్పులు వేసుకోలేదు. ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. మా తాత ఇంకొకరి అచ్చులో మట్టి నొక్కాడు. మా నాన్నా అంతే. నేను తల నెరిసేదాకా అదే. అచ్చు తీయడానికి తొలిబొమ్మ చేసేవాళ్ళు వేరు, మేం వేరు, వాళ్ళు వస్తే మేం లేచి నిలబడతాం. మన ఇంట్లో అలాంటి చెయ్యి పుట్టిందంటే నా కాళ్ళు నేల మీద ఉంటాయా? అందులోనూ మీ హెరాక్లెయాలో! మీ ఊరివాళ్ళు మన బొమ్మ తీసుకుపోయి దాని మీద మట్టి అద్ది అచ్చు తీస్తారు, మట్టి ఆరితే కుంచించుకుపోతుంది, ఆ బొమ్మ మీంచి మళ్ళీ అచ్చు, ఇంకా చిన్నది. తరాస్ లో జానెడున్న అమ్మవారు హెరాక్లెయా చేరేసరికి బొటనవేలంత అవుతుందని ఇక్కడ ఎగతాళి. ఇప్పుడు అనమను చూస్తాను!

నువ్వు రాసిన కష్టం కూడా చదివాను. అల్లుడు సోసిస్ పోయాక బొమ్మలు కాల్చే ఆవం అతని అన్న లాక్రితోస్ చేతికి వెళ్ళడం న్యాయమే అనుకున్నాం. ఆయన దాన్ని మెతపొంతియోన్ ఊరి మనిషికి ఇస్తానంటే మాత్రం ఎలా ఊరుకుంటాం? విందులో పదిమంది ఎదుట అన్నాడట కదా, "ఆడవాళ్ళ పండుగ దాటాక మెలిన్న సొంత బొమ్మ ఒక్కటి దేమెతేర్ అమ్మవారి గుడి లోపలి అరుగు మీద నిలబడి ఉంటే ఆవం తనదే. లేకపోతే మూట కట్టుకుని తండ్రి ఇంటికి పోవాలి" అని. ఎగతాళికి అన్నా మాట మాటే, సాక్షులున్నారు. నిలబడుతుంది తల్లీ, నీ బొమ్మ నిలబడుతుంది! ఒకవేళ నిలబడకపోయినా ఏం మునిగిపోయింది? వెనక గది ఊడిపించాను. నీకోసం కొత్త గొంగళి కూడా తెచ్చాను, మంచి ఉన్ని.

ఇక ఒక్క చిన్న లోపం. చెప్పకపోతే నీకు నాన్ననెలా అవుతాను? ఆవంలో నోటి దగ్గర చిట్లినట్టుంది, ఇంత వెడల్పున తెరుచుకుపోయింది. మీ అమ్మ తిమో బొమ్మని చూసీ చూడగానే పొట్ట పట్టుకుని గోడకు జారగిలబడి నవ్వింది. "ఏమే, ఎందుకా నవ్వు?" అంటే, "నీకెందుకయ్యా, మగాడివి" అంది. కూతురి పనిలో తప్పును అలా నవ్వితే నాకు బాధ వేసింది. అందుకని ఆమె చెల్లెలింటికి వెళ్ళగానే తెల్లమట్టి మెత్తగా నూరి, గుడ్డుసొన కలిపి, ఆ పగులు పూడ్చేశాను. పైన ఎర్రమట్టితో పెదవులు కలిపి గీశాను. ఇప్పుడెంత ఒద్దికగా ఉందో చూడు! దీనోన్ మళ్ళీ అటే వస్తున్నాడు గనక బొమ్మను వాడికే ఇస్తున్నాను. ఇలాగే మిగతావీ చెయ్యి, గుడి పెద్దలు కళ్ళకద్దుకుని తీసుకుంటారు.

నిన్ను కన్నందుకు గర్వంతో చెప్పులు వేసుకోవడం మరిచిపోయిన
మీ నాన్న


హెరాక్లెయా నుంచి
అదే నెల, అమావాస్యకు ముందు

నాన్నకు మెలిన్న రాస్తున్నది. ముందు అమ్మను అడిగానని చెప్పు. నిన్ను తర్వాత అడుగుతాను.

ఆ నోరు చిట్లలేదు. నేను తెరిచాను. తడి మట్టిలో ఎముక పుల్లతో, ఊపిరి బిగబట్టి తెరిచాను. పై వరసలో పళ్ళు ఊడిన సందు కూడా నేను చేసిందే. ఆ బొమ్మ మొత్తంలో నాకు నిద్ర లేకుండా చేసింది ఆ నోరే. నువ్వు దాన్ని పూడ్చి, పెదవులు గీసి, "ఒద్దికగా ఉంది" అని రాశావు.

ఎందుకు నవ్వుతోందని అడుగుతావు. చెప్పకూడదు నాన్నా. ఆడవాళ్ళ పండుగలో మేం అనేది, వినేది మగవాడి చెవిన పడకూడదు. పెళ్ళైన ప్రతి ఆడదానికీ తెలుసు, ఒక్కరికీ చెప్పదు. అమ్మ నవ్వింది నా తప్పు చూసి కాదు. ఆమె గుర్తుపట్టింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయను.

నువ్వు బాగుచేసి పంపింది ఏం చేసిందో విను. పడవ రేవుకు రాగానే బావగారు బుట్ట తనే విప్పారు. మూసిన నోటితో ఉన్న బొమ్మను గుడి పెద్దల దగ్గరికి పట్టుకుపోయారు. "చూడండి, తరాస్ లో బొమ్మలు చేసి తల నెరిసిన మనిషి, కన్న తండ్రి, ఆయనకే సిగ్గేసి నోరు మూయించి పంపాడు" అన్నారట. ఇంకేం కావాలి వాళ్ళకి? నవ్వే బొమ్మలు గుడి వాకిట అమ్మకూడదని, లోపలికి తేకూడదని తేల్చేశారు. పెద్దలలో పెద్దాయన నా ఎదుటే అన్నాడు, "బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ దేవత. ఆమె ముందు పళ్ళికిలించుకుని నిలబడేదెవరమ్మా?" నేను చెప్పగలను. ఆయన మగాడు గనక చెప్పలేను. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాను. తెలియక ఊరుకున్నాననుకున్నాడు.

కాల్చిన బొమ్మలన్నీ ఆవం పక్కన వరసగా ఉన్నాయి. మెతపొంతియోన్ మనిషి అప్పుడే వచ్చి నా చక్రం ఎత్తు కొలుచుకుంటున్నాడు.

ఇంకో మాట. గది ఊడిపించావా? గొంగళి తెచ్చావా? బొమ్మ నిలబడుతుందని ఒక చేత్తో రాసి, ఓడిపోయి వస్తానని రెండో చేత్తో పక్క వేశావా? నేను రాను. ఈ ఆవంలో సోసిస్ చేత్తో వేసిన ఇటుకలున్నాయి. నిప్పు ఏ మూల ఎక్కువ, ఏ మూల తక్కువ నా చర్మానికి తెలుసు.

చివర్లో బాగుండమని రాయాలి. కోపం తగ్గాక రాస్తాను.

మెలిన్న


తరాస్ నుంచి
అమావాస్య దాటిన రోజుల్లో, ద్రాక్ష తొక్కుతుండగా

నోరు మూసిన ఆ చేతులతోనే జోపురోస్ తన కూతురికి రాస్తున్నది. ఉత్తరం చింపెయ్యకుండా చదువు తల్లీ.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. సగంలో ఉండగానే గరిటె నా మీదికి విసిరింది. తగల్లేదు, పాపం, మునుపటి గురి పోయింది.

"ఎందుకు పూడ్చావయ్యా?" అంది.

"చిట్లిందనుకున్నానే."

"ఇన్నేళ్ళు నాతో కాపురం చేశావు. నేను నవ్వినప్పుడల్లా చిట్లాననుకున్నావా?"

"మరైతే ఎందుకు నవ్వుతోందో చెప్పు, ఇంకెప్పుడూ పూడ్చను."

"చెప్పను. నువ్వు పూడ్చకుండా ఉండటానికి కారణం కావాలా?"

ఉల్లిపాయలు తరిగిపెట్టి ఆమెను శాంతపరిచాను.

ఇంకో సంగతి చెప్పనా, కోప్పడకు. నువ్వు కోపంతో రాసిన ఉత్తరం చదువుతుంటే లోపల ఒకటే ఆనందం! తొలిబొమ్మ చేసేవాళ్ళని చిన్నప్పటినుంచీ చూశాను. వాళ్ళ మడత ఒక్కటి సరిచేస్తే మా మీద మట్టిముద్దలు విసిరేవాళ్ళు. అచ్చు నొక్కేవాడికి అంత కోపం రాదు, వాడిది కాదు కదా. నీకొచ్చింది! ఆ ఉత్తరాన్ని దీపం పక్కన పెట్టుకున్నాను.

గొంగళి మేకకు కప్పాను. గదిలో ఎండుకట్టెలు నింపాను. ఇక అక్కడ కాలు పెట్టే చోటు లేదు.

మన వీధిలో కబురు పాకింది. చప్పిడిముక్కు సిమోస్ తన గుమ్మంలోంచే అరిచాడు, "ఏం జోపురోస్, మీ అమ్మాయి అమ్మవారిని చేపలమ్మేదాన్ని చేసిందట కదా?"

"అమ్మవారిని కాదురా, అమ్మవారికి మొక్కే మనిషిని చేసింది. చేపలమ్మేవాళ్ళు మొక్కకూడదా? మీ ఆవిడ సంతలో ఏం అమ్ముతోంది, ముత్యాలా?"

లోపలినుంచి వాడి పెళ్ళాం ఒకటే నవ్వు. సిమోస్ తలుపు వేసుకున్నాడు.

ఇప్పుడు పనికొచ్చే మాట విను. నేను పూడ్చిన మట్టి ఆవం ముఖం చూడలేదు. పచ్చిది. గుడ్డుసొన పట్టుకుని ఉంది, అంతే. ఆ బొమ్మను పెద్దల ఎదుట పెట్టి తడిగుడ్డతో తుడువు. గట్టిగా కూడా అక్కర్లేదు. నా మట్టి, నా పెదవులు నీళ్ళతో పోతాయి. నువ్వు తెరిచిన నోరు నిప్పులో కాలింది, దాన్ని ఎవరు తుడుస్తారు? తండ్రి సిగ్గుపడి మూయించాడని ఎవడైనా అంటే, ఆ తండ్రే తుడిచెయ్యమన్నాడని చెప్పు!

పెద్దలకు కూడా విడిగా ఒక ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. "అయ్యలారా, నా కూతురి బొమ్మలో లోపం లేదు, నా కళ్ళలో ఉంది. ఆమెకు తండ్రిగా నిలబడి చెబుతున్నాను, ఆ నోరు తెరిచే ఉంటుంది" అని రాశాను. నవ్వుకు కారణం లేకపోతే వాళ్ళు ఊరుకోరు గనక కారణం కూడా నేనే ఆలోచించి పెట్టాను. పందిపిల్ల చంకలో చక్కిలిగిలి పెడుతోందని! ఎలా ఉంది? మీ అమ్మకు వినిపించలేదు, గరిటె ఆమె పక్కనే ఉంది.

తల వంచకు. వంగితే నా కూతురివి కావు.

నీ కోపాన్ని దీపం పక్కన దాచుకున్న
మీ నాన్న


హెరాక్లెయా నుంచి
పండుగకు ముందు, విత్తనాలు చల్లే రోజులు

నాన్నకు మెలిన్న. కోపం తగ్గింది. ఇంకోటి ఎక్కింది.

తడిగుడ్డ మాట గొప్పది. గుడి వాకిట, పెద్దలందరూ కూర్చుని ఉండగా, బొమ్మను నిలబెట్టి తుడిచాను. నీ పెదవులు నా వేళ్ళ మీదికి వచ్చేశాయి. మట్టి జారింది. లోపలినుంచి ముసలమ్మ పళ్ళ సందుతో సహా మళ్ళీ బయటికొచ్చింది. నీళ్ళ కోసం కుండలతో వచ్చిన ఆడవాళ్ళు గోడ పక్కన ఆగి చూస్తున్నారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయన ఆమె వైపు గుర్రుగా చూశాడు.

అక్కడిదాకా నీ వల్ల మేలే జరిగింది. అప్పుడు నీ ఉత్తరం చదివారు.

చక్కిలిగిలి! నాన్నా, చక్కిలిగిలి! పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "అలా చెప్పవేమ్మా! అయితే పందిపిల్లను తీసెయ్యి. చక్కిలిగిలి ఉండదు, నవ్వూ ఉండదు, మాకు అభ్యంతరమూ ఉండదు" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. కారణం అది కాదని నేను అనాలి. మరేమిటంటారు. మళ్ళీ మొదటికే. ఇప్పుడు ఊళ్ళో మగపిల్లలు నన్ను చూస్తే చంకలు గోక్కుంటున్నారు.

నీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఇంక కారణాలు కనిపెట్టకు.

పందిపిల్లను తియ్యను. నోరు ముయ్యను. బావగారితో చెప్పేశాను. ఆయన, "నీ ఇష్టం, పండుగ నాలుగు రోజుల్లో వస్తోంది" అన్నారు. పండుగ మొదలైతే మగవాడు గుడి గడప తొక్కకూడదు, నిజమే. కానీ గుడికి వెళ్ళే దారి వాళ్ళదే. దారి మొదట్లో తన మనుషుల్ని నిలబెట్టి ఆడవాళ్ళ బుట్టలు విప్పి చూడమన్నారు. పందిపిల్లలు, రొట్టెలు పోనివ్వాలి, నవ్వే బొమ్మ దొరికితే నేలకేసి కొట్టాలి. నా చేతులైతే రెండుసార్లు చూస్తారు.

అత్తగారు ఆవం దగ్గర నీడలో కూర్చుని ఉంటుంది. నీకు రాశాను కదా, సోసిస్ ను పాతిపెట్టిన రోజునుంచీ ఫిలిస్తా అత్తయ్య నాతోనే కాదు, ఎవరితోనూ మాట్లాడదు. పెట్టింది తింటుంది, బొమ్మల వరస వైపు చూస్తుంది. కొడుకులిద్దరిలో ఉన్నవాడి పక్షమే ఉంటుంది గాని చచ్చినవాడి పెళ్ళాం పక్షం ఎందుకుంటుంది? తప్పు పట్టను.

ఓడిపోతే ఆవం ఇస్తాను. అచ్చు ఇవ్వను. వాళ్ళ ఎదుటే పగలగొట్టి థూరియోయ్ వెళ్తాను. అక్కడ కూలికి మట్టి తొక్కుతాను. అక్కడా మట్టి ఉంది.

ఆరోగ్యం జాగ్రత్త. ఈసారి మనసారా రాస్తున్నాను.

మెలిన్న


తరాస్ నుంచి
నీ ఉత్తరం అందిన రోజే

తల్లీ, దీనోన్ లంగరు ఎత్తేస్తున్నాడు, రేవులో నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సముద్రాన్ని తిట్టు.

ఇది చేరేసరికి పండుగ అయిపోతుంది. అయినా రాయకుండా ఉండలేను. అచ్చు పగలగొట్టకు! నాకు పంపు. హెరాక్లెయా పెద్దల మాట హెరాక్లెయాలో. ఇక్కడ నా గుమ్మం ముందు నేను పెద్దని. నేను నొక్కుతాను, నేను అమ్ముతాను, ఎవడొచ్చి కాదంటాడో రమ్మను. ఇన్నాళ్ళూ తరాస్ అచ్చులు మీ ఊరికి వచ్చాయి. ఒక్కసారి పడవ ఇటు తిరిగితే సముద్రం ఇంకిపోతుందా?

చక్కిలిగిలి గురించి మీ అమ్మకు తెలిసిపోయింది. రెండు రోజులుగా నాకు రొట్టె విడిగా, పెరట్లో.

థూరియోయ్ వెళ్ళాలంటే వెళ్ళు. నీ ఇష్టం. రమ్మని అడగను, గది మాట ఎత్తను. నువ్వు ఎక్కడ మట్టి తొక్కినా అక్కడికి నేనే వచ్చి చూస్తాను.

పందిపిల్ల ఉండాల్సిందే!

నాన్న


హెరాక్లెయా నుంచి
ఆడవాళ్ళ పండుగ ముగిసిన మూడోనాడు

నాన్నా, కూర్చుని చదువు. అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

లోపల జరిగింది రాయను. బయట జరిగింది మాత్రమే రాస్తాను, అదే సరిపోతుంది.

పండుగ మొదటి రోజు పొద్దున నేను ఆవం దగ్గర ఊరికే కూర్చున్నాను. పందిపిల్లను కూడా తీసుకోలేదు. అత్తయ్య లేచి వచ్చింది. బొమ్మల వరస ముందు నిలబడి ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. రంగు కూడా వెయ్యలేదు దానికి, వట్టి మట్టి. దాని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని పట్టుకోబోయాను. నవ్వుతోంది నాన్నా. సోసిస్ పోయినప్పటినుంచీ మాటన్నది లేని మనిషి, ఆవం గోడ పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, ముక్కు ఎగబీలుస్తూ నవ్వింది. నవ్వి నవ్వి, గొంతు బొంగురుపోయి అంది, "బిడ్డ పోయిన తల్లి నవ్వదని ఎవడే చెప్పింది?"

"గుడి పెద్దలు అత్తయ్యా."

"వాళ్ళెప్పుడు లోపలికొచ్చారు?" అని బొమ్మను పైబట్ట కింద పెట్టుకుంది.

"దారిలో బావగారు బుట్టలు వెతికిస్తున్నారు."

"బుట్టలు వెతుకుతాడు. కన్నతల్లి బట్టల్లో చెయ్యి పెడతాడా? పెట్టమను, చూస్తాను." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "అక్కడ ఊరికే కూర్చోకపోతే మిగతావాటి మీద దుమ్ము దులపవే. నా ఈడు వాళ్ళకి చెప్పి పంపిస్తాను" అంది.

వచ్చారు. ఊళ్ళో ఉన్న ముసలాళ్ళంతా, కర్రలూతగా, కోడళ్ళ భుజాలూతగా. తోళ్ళు అమ్మే ఆయన తల్లి, పెద్దాయన సొంత అత్తగారు, మొగుణ్ణి, కొడుకునీ ఒకే తుఫానులో పోగొట్టుకున్న పడవల వీధి ముసలామె. ఒక్కొక్కరూ ఒకటి తీసుకోవడం, దాని ముఖం చూడటం, నవ్వడం, పైబట్ట కింద దాచుకోవడం. దారిలో బావగారి మనుషులు నా బుట్ట నేల మీద బోర్లించి చూశారు. రొట్టెలు తప్ప ఏం లేవు. వాళ్ళ పక్కనుంచి ముసలాళ్ళు లావుగా నడుచుకుంటూ పోయారు. ఒకామె ఆగి, "ఏం నాయనా, నన్ను కూడా విప్పి చూస్తావా?" అంది. ఆ కుర్రాడు సిగ్గుతో ముఖం తిప్పుకున్నాడు.

పండుగ ముగిశాక పెద్దలు గుడి తలుపు తీశారు. అరుగులన్నిటి మీదా నా ముసలమ్మలే. సన్నపాటి నిద్రమొహం బొమ్మల మధ్యన, ముందు, పైన, అందరూ నోళ్ళు తెరుచుకుని! పెద్దాయన చెయ్యి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అమ్మవారికి ఇచ్చినదాన్ని ఆమె నేల దాటించకూడదు కదా. అరుగులు నిండిపోతే అక్కడే గొయ్యి తీసి అమ్మవారి మట్టిలోనే కప్పాలి, అంతే గాని బయటికి తేకూడదు. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటే.

బావగారు ఇంటికొచ్చి, "ఎవరు పెట్టారు?" అని అరిచారు.

"మొదటిది నేను" అంది అత్తయ్య.

"ఎందుకమ్మా? నా మాట పోతుందని తెలియదా?"

"మాట పోలేదురా. ఇచ్చావు గనక నిలబెట్టుకుంటున్నావు. సాక్షులున్నారు."

"అసలు అదెందుకు నవ్వుతోంది? అది చెప్పు."

"నీకు చెప్పకూడదు" అని, రొట్టె చిదుపుకుని తినడం మొదలుపెట్టింది.

ఆవం నాది నాన్నా. మెతపొంతియోన్ మనిషి తన కొలతల కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్య ఇప్పుడు ఆగకుండా మాట్లాడుతోంది, ఎక్కువగా నా వంట గురించి.

తొలిబొమ్మ మీంచి రెండో అచ్చు తీసి కాల్చాను. నీకు పంపుతున్నాను. ఎవరి బొమ్మ మీంచో తీసింది కాదు, కుంచించుకుపోయింది కాదు, అసలు కొలత. నీ ఇష్టమొచ్చిన రంగు వెయ్యి. నోటి జోలికి మాత్రం పోకు.

నీ కూతుర్ని
మెలిన్న


తరాస్ నుంచి
ఈ ఏడు మన ఊళ్ళో కలిపిన అధిక మాసం దాటాక

నా బంగారు తల్లికి, హెరాక్లెయాలో సొంత ఆవం ఉన్న మెలిన్నకు, ఆమె దగ్గర పనికి కుదిరిన జోపురోస్ రాస్తున్నది!

అవును, కుదిరినట్టే. నీ అచ్చులో నేను నొక్కుతున్నాను. మొదటి ముద్ద పెట్టాను. మట్టిని పందిపిల్ల చెవుల్లోకి, పైబట్ట మడతల్లోకి, చివరికి ఆ నోట్లోకి నెట్టాను. అచ్చు విప్పితే నా అరచేతిలో ముసలమ్మ తడితడిగా నవ్వుతోంది. జీవితమంతా ఇంకొకరి అచ్చులో నొక్కినవాణ్ణి నేను. ఇప్పుడూ ఇంకొకరిదే. కానీ ఈ ఇంకొకరిని నేను భుజాల మీద ఎక్కించుకుని రేవంతా తిప్పాను. బొమ్మ వెనక, కాల్చేటప్పుడు గాలి పోయే రంధ్రం పక్కన నీ పేరు గీస్తున్నాను. ప్రతిదాని మీదా. అక్షరాలు పెద్దవి వస్తున్నాయి, రానీ!

సిమోస్ వచ్చి ఒకటి కొన్నాడు. దాని మీంచి అచ్చు తీసుకుంటాడని తెలిసే ఇచ్చాను. "తీసుకోరా, నీది చిన్నదవుతుంది. జనం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు" అన్నాను. వాడికి కడుపుమంట, నాకు పండుగ.

మన గుడి పెద్దలు కూడా వచ్చారులే. అక్కడికీ ఇక్కడికీ తేడా ఏముంది? "ఇది ఎందుకు నవ్వుతోంది?" అన్నారు. నేను ఈసారి కారణం కనిపెట్టలేదు. నోరు తెరిచాను, మీ అమ్మ లోపలినుంచి దగ్గింది, మూసేశాను. "నాకు తెలియదయ్యా. నాకు తెలియకూడదు కూడా. మీ ఇంట్లో అడిగి చూడండి" అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. ఇంట్లో అడిగే ఉంటారు. రొట్టె పెరట్లోనే తిని ఉంటారు.

నిన్న ఉన్ని వ్యాపారి ఒకాయన ఉంగరాల చేత్తో బొమ్మని తిప్పి చూసి, "అంతా బాగుంది గాని ఆ నోరొక్కటి పూడ్చి ఇవ్వు. నీకు అలవాటేనట కదా" అన్నాడు. వీధంతా వింటోంది. "నోరు మూసినవి కావాలంటే పక్క వీధినిండా ఉన్నాయి, వెళ్ళి ఏరుకోండి. ఈ గుమ్మంలో నవ్వేవే దొరుకుతాయి" అన్నాను. బొమ్మ ఆయన చేతిలోంచి తీసేసుకుని అరుగు మీద పెట్టాను. ఆయన వెంట వచ్చిన పనిమనిషి నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. కొట్టినా తీసేసుకునేవాణ్ణే!

మీ వియ్యపురాలికి, కాదు, నా వియ్యపురాలికి, నా తరఫున ఎండు అత్తిపళ్ళు పంపుతున్నాను. ఆమె నీ వంటను ఏమన్నా పట్టించుకోకు, నీ వంట మీ అమ్మ దగ్గర నేర్చుకున్నది కాదు, నా దగ్గర నేర్చుకున్నది, అందుకే అలా ఉంటుంది.

అధిక మాసం వల్ల ఆడవాళ్ళ పండుగ మన ఊళ్ళో మీకంటే వెనకబడి ఇవాళ వచ్చింది. మీ అమ్మ తెల్లవారకముందే తయారైంది. ఎండ చురుక్కుమంటోంది, అయినా మందపాటి పైబట్ట కప్పుకుంది. ఒకచోట బట్ట ఎత్తుగా ఉంది. అరుగు మీద వరసలో ఒక సందు కనబడుతోంది. పెద్దలు మన దారిలోనూ మనుషుల్ని నిలబెట్టారని విన్నాను. ఆమెకు చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను. అప్పటికే సిమోస్ పెళ్ళాం, ఆమె తల్లి, ఆ పక్కింటివాళ్ళు, అందరూ అలాగే లావుగా నడుస్తూ వీధి మలుపు తిరుగుతున్నారు.

నేనేమీ చూడలేదు. లోపలికొచ్చి మట్టి కలుపుతున్నాను.

మీ నాన్న జోపురోస్